అడ్డం తిప్పిన టీవీ

కిందటి నెల కంటి ఆసుపత్రికి వెళ్తే, చుక్కల మందు వేసి, రెప్పలు మూసుకుని కాసేపు కూర్చోమన్నారు. హాలు నిండా నాలాగే కళ్ళు మూసుకున్నవాళ్ళు. పక్క కుర్చీలో ఎవరో పిల్లవాడు, తాతగారి కూడా వచ్చినట్టున్నాడు, ఫోనులో ఏదో ఆట మొదలుపెట్టాడు. నాకు కనిపించదు కదా, చప్పుడు ఒక్కటే వినబడుతోంది. తుంపర పడుతున్నట్టు సన్నటి మోత, మధ్యమధ్యలో గంట మీద గోటితో మీటినట్టు ఇంకో మోత, వాటి వెనకాల ఆగకుండా పరిగెత్తే చిన్న పాట ముక్క. ఆ పాట ఒకసారి పూర్తయి మళ్ళీ మొదటికి వచ్చేసరికి నా అరచేతులు తడిసిపోయాయి. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. అటుగా వెళ్తున్న నర్సమ్మ ఆగి, బీపీ ఏమన్నా ఉందా అండి అని అడిగింది. లేదన్నాను.

ఆ ఆట పేరేంటో నాకు ఈ రోజుకీ తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెర మీద పేరు ఇంగ్లీషు కాని అక్షరాల్లో పడేది. మేము దాన్ని విమానం ఆట అనేవాళ్ళం.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా అమ్మని అమ్మమ్మగారింటికి తీసుకొచ్చారు. రామచంద్రపురానికి దగ్గర్లో, కాలవ గట్టున ఉండే ఊరు. నాన్న ఉద్యోగం ఏజెన్సీ కొండల్లో. అక్కడ డాక్టర్లు లేరు, రోడ్లూ అంతంతమాత్రం. అమ్మ నీళ్ళోసుకుందని తెలియగానే అమ్మమ్మే తాతయ్యని వెంటబెట్టుకుని వచ్చి, కారు కట్టించుకుని, వెనక సీట్లో అమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందే చెప్పేవాడు, గతుకండీ, పట్టుకోండి అని. నేను ముందు సీట్లో తాతయ్య మోకాళ్ళ మధ్య నిలబడి, రోడ్డు మీద గతుకులు నాకే ముందు కనిపించాలని కళ్ళార్పకుండా చూస్తూ వచ్చాను.

అంతకు ముందు రెండుసార్లు అమ్మకి కడుపు నిలవలేదు. మొదటిది నాకు గుర్తు లేదు. రెండోసారి మాత్రం నేను బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి మెట్ల దగ్గర ఎన్నో చెప్పులు ఉన్నాయి. మా వీధిలో వాళ్ళందరి చెప్పులూ. ఎవరో నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి పక్కింట్లో కూర్చోబెట్టారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ నాకు గుమ్మం ముందు చెప్పులంటే భయం పట్టుకుంది.

అమ్మమ్మగారి ఊళ్ళో బళ్ళో వేశారు నన్ను. సాయంత్రం వచ్చేటప్పుడు కాలవ వంతెన మీదికి రాగానే ఆ ఇంటి మెట్లు కనిపించేవి. నేను వంతెన మీద ఆగిపోయేదాన్ని. అమ్మమ్మ హవాయి చెప్పులు ఒక్కటే ఉంటే గబగబా నడిచేదాన్ని. ఇంకో జత కనిపించిందంటే కాళ్ళు కదిలేవి కావు. తీరా వెళ్తే ఏ మజ్జిగ కోసమో వచ్చిన మనిషి అయ్యుండేది.

డాక్టరమ్మగారు అమ్మని మంచం దిగొద్దన్నారు. ఎడమ పక్కకి తిరిగే పడుకోమన్నారు. కాళ్ళ వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి, ఎవరి కూతురికి ఏమైందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. నేను అటు రాగానే అమ్మమ్మ, పాలు పొంగుతున్నాయేమో చూసిరావే అనేది. వెళ్తే పొయ్యి మీద పాలు ఉండేవి కావు. తలుపు చాటున నిలబడి మిగతాది వినేదాన్ని. ఏడో నెల గండం అన్న మాట అక్కడే విన్నాను. గండం అంటే ఏంటో తాతయ్యని అడిగితే, కాలవలో సుడి లాంటిదమ్మా అన్నారు. ఆ జవాబు విన్నాక ఇంకా భయమేసింది.

అమ్మమ్మ వంటింట్లోంచి బొప్పాయి, నువ్వులు వెళ్ళిపోయాయి. తోటకూర పులుసు, బీరకాయ పప్పు, మూడు పూటలా బార్లీ జావ. జావ అమ్మకి పడేది కాదు. అమ్మమ్మ వెనక్కి తిరగ్గానే సగం నేను తాగేసేదాన్ని. తాటిపళ్ళ రోజులు వచ్చాక ఊరంతా ఆ వాసనే. పక్కింట్లో తాటి రొట్టె కాలుస్తుంటే అమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేది. వేడి చేస్తుందని అమ్మమ్మ పెట్టనివ్వదు. ఒక రోజు మామయ్యా నేనూ కలిసి, చిన్న ముక్క అరిటాకులో చుట్టి అమ్మ తలగడ కిందికి చేర్చాం. తాటిపండు వాసన దాగేది కాదని మా ఇద్దరికీ తట్టలేదు. అమ్మమ్మ గదిలోకి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. అమ్మ నోటి చుట్టూ పసుపుపచ్చగా ఉంది. అమ్మమ్మ వెళ్ళి కిటికీ తలుపు తీసి, వెళ్ళిపోయింది.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. రామచంద్రపురం బజార్లో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. అమ్మ రోజంతా గోడ వైపు చూస్తూ పడుకోవడం అతనికి బాధగా ఉండేది. ఒక సాయంత్రం టీవీ గేము తెచ్చాడు. నల్ల డబ్బా, దానికి వైరుతో ఒక రిమోటు, పసుపురంగు కేసెట్టు. హాల్లో ఉన్న నలుపు తెలుపు టీవీని గదిలోకి మార్చాడు. పొలం కబుర్ల కార్యక్రమం పోతుందని తాతయ్య మొహం చిన్నబుచ్చుకున్నారు గాని పైకి ఏమీ అనలేదు. అమ్మమ్మ అంది.

"కడుపుతో ఉన్నదానికి ఈ పేలుళ్ళేంట్రా? నాలుగు మంచి మాటలు వింటే బిడ్డకి మంచిది."

"సౌండు తగ్గిస్తానమ్మా," అన్నాడు మామయ్య.

కేసెట్టులో చాలా ఆటలు ఉన్నాయి. ఇటుకలు పగలగొట్టేది, కార్లు నడిపేది. అమ్మ ఒక్కదాన్ని తప్ప అన్నీ వద్దంది. ఆ ఒక్కటీ విమానం ఆట. నల్లటి ఆకాశంలో చుక్కలు, ఎడమ వైపు నుంచి ఒక చిన్న విమానం బయల్దేరుతుంది. ఆకాశం దానంతటదే వెనక్కి జరిగిపోతూ ఉంటుంది. ఎదురుగా ఈగల్లాంటివి బారులుగా వస్తాయి. కాల్చుకుంటూ, తప్పించుకుంటూ పోవాలి. తర్వాత గుహలు వస్తాయి, పైన కొండ, కింద కొండ, మధ్యలో సందు. దేనికి తగిలినా అయిపోయినట్టే. ఆగుదామన్నా తెర ఆగదు. వెనక్కి వెళ్దామన్నా వెనక్కి రాదు.

చిక్కు ఏంటంటే, అమ్మ ఎడమ పక్కకి పడుకుని చూస్తోంది. తెర మీద విమానం ముందుకి వెళ్తుంటే, ఆమెకి కాళ్ళ వైపు పడిపోతున్నట్టు కనిపించేది. కళ్ళు తిరుగుతున్నాయిరా అంది. మామయ్య కాసేపు తల గోక్కుని, టీవీని ఎత్తి ముక్కాలిపీట మీద పక్కకి పడుకోబెట్టాడు. ఇప్పుడు అమ్మకి తెర తిన్నగా ఉంది. మిగతా అందరికీ అడ్డంగా ఉంది. గుమ్మంలో నిలబడి చూస్తే విమానం పైకి, ఇంటి కప్పు వైపు పోతున్నట్టు ఉండేది. అది చూసి తాతయ్య నవ్వారు. ఆ ఇంట్లోకి వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

నేను ఆడాలన్నా, సరిగ్గా చూడాలన్నా అమ్మ పక్కన పడుకోవాల్సిందే. మంచం అంచున, అమ్మ వైపు వీపు పెట్టి. అమ్మ నా భుజం మీంచి చూసేది. చేతులు నా చుట్టూ వేసి రిమోటు పట్టుకునేది. దాంతో అమ్మ పొట్ట నా వీపుకి ఆనుకునేది. కొన్నాళ్ళకి లోపలి బిడ్డ తన్నడం మొదలుపెట్టింది. సరిగ్గా నా వెన్నెముక పక్కన, చిన్న మడమతో పొడిచినట్టు. అమ్మా, తన్నింది అనేదాన్ని. నీకే తగులుతోందే అనేది అమ్మ. గుహ దగ్గర ఇరుకులో అమ్మ ఊపిరి బిగబట్టినప్పుడు ఎక్కువ తన్నేది.

ఆ ఆటలో ఒక రకం బిళ్ళలు పోగుచేసుకుంటే, విమానం వెనకాల చిన్న వెలుగు ముద్ద ఒకటి పుట్టేది. ఇంకొన్ని పోగుచేస్తే ఇంకోటి. విమానం ఎటు వంపు తిరిగితే అవి అటే, ఆ దారినే తిరుగుతూ వెంట వచ్చేవి. నేను వాటిని పిల్లలు అనేదాన్ని. ఎన్ని పిల్లలున్నా విమానం దేనికైనా తగిలిందంటే అన్నీ మాయమైపోయి, ఒట్టి విమానం వెనకెక్కడి నుంచో మళ్ళీ బయల్దేరాల్సి వచ్చేది. ఒకసారి అలా పోయినప్పుడు, అయ్యో, అమ్మా, పిల్లలు పోయాయి అన్నాను. అమ్మమ్మ తలుపు దగ్గర బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి వచ్చి, నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఆ మాట ఇంకెప్పుడూ ఆ గదిలో అనొద్దని చెప్పింది. కోప్పడలేదు. మర్నాటి నుంచీ వాటిని దీపాలు అనడం మొదలుపెట్టాను.

ఒక సంగతి నేను గమనించాను. ఆట మొదట్లో కొన్ని విమానాలు ఇస్తారు. ఒకటి పోతే ఇంకోటి. అమ్మ ఆఖరి విమానాన్ని ఎప్పుడూ పోనిచ్చేది కాదు. అది ఒక్కటే మిగిలిందనగానే, ఇవాళ్టికి చాలు అని స్విచ్చి కట్టెయ్యమనేది. నన్నూ ఆడనిచ్చేది కాదు. ఎందుకని అడగలేదు. నాకు తెలిసినట్టే అనిపించింది. నేను కూడా వంతెన మీద నిలబడి, కాలవలో పోయే గుర్రపుడెక్క మొక్కల తుట్టె వంతెన స్తంభానికి తగలకుండా వెళ్తే అమ్మకి ఏమీ కాదని లెక్కలు వేసుకునేదాన్ని కదా. తగిలితే, ఇది కాదు, తర్వాత వచ్చేది అనుకునేదాన్ని.

ఏడో నెల వచ్చింది. నాన్న వచ్చి రెండు రోజులుండి, వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి, అమ్మని చూసుకోమ్మా అని వెళ్ళారు. పెద్దవాళ్ళు పిల్లలతో ఊరికే అనే మాటే అది. నేను ఊరికే తీసుకోలేదు. బళ్ళో కూర్చున్నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. ఏ కారు హారను వినిపించినా రాస్తున్న చెయ్యి ఆగిపోయేది.

ఒక రోజు పొద్దున్నే పెద్ద వాన పట్టుకుంది. బళ్ళోకి నీళ్ళొచ్చాయని వెళ్ళినవాళ్ళని వెళ్ళినట్టే పంపేశారు. తడుచుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మమ్మ వంటింట్లో ఉంది. తాతయ్య చావిట్లో గేదెల కింద నీళ్ళు తోస్తున్నారు. అమ్మ అప్పటికే ఆట పెట్టుకుని ఉంది. బట్టలు మార్చుకుని వెళ్ళి పక్కన పడుకున్నాను.

ఆ వేళ అమ్మ ఆట బాగోలేదు. ఎప్పుడూ దాటే చోట్లే తగిలించేస్తోంది. ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. ఆఖరి విమానం వచ్చింది. ఇక ఆపేస్తుంది అనుకున్నాను. ఆపలేదు. అదీ పోయింది. తెర నల్లగా అయిపోయి, ఎప్పుడూ వినని ఒక చిన్న పాట వచ్చింది. అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. నా చెవి దగ్గర ఆమె ఊపిరి వినిపిస్తోంది, నా వీపుకి ఆమె పొట్ట ఆనుకునే ఉంది.

వీపు మీద ఏమీ తగలడం లేదని అప్పుడు తెలిసింది.

కదలకుండా పడుకుని చూశాను. నిద్రపోతోందేమో అనుకున్నాను. గుహ దగ్గరికి వచ్చాక తన్నుతుంది కదా అనుకున్నాను. గుహ వచ్చింది. అమ్మ ఊపిరి బిగబట్టింది. ఏమీ లేదు. అమ్మని అడుగుదామని నోటిదాకా వచ్చింది. తల తిప్పి చూస్తే అమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యడం లేదు. అడగలేకపోయాను. కాసేపటికి అమ్మ రిమోటు నా చేతిలో పెట్టి, నువ్వాడు అంది. నేను ఆపే మీట నొక్కాను. విమానం, దాని వెనక రెండు దీపాలు, ఎదురుగా వస్తున్న ఈగల బారు, అన్నీ ఉన్నచోటే నిలిచిపోయాయి. మంచినీళ్ళు తాగొస్తానని లేచాను.

అమ్మమ్మ పొయ్యి దగ్గర గొట్టం ఊదుతోంది. వాన చప్పుడుకి నా మాట వినిపించలేదు. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను.

"అమ్మమ్మా, ఇవాళ తన్నట్లేదు."

అమ్మమ్మ గొట్టం కింద పెట్టి నా మొహం చూసింది. "అమ్మ చెప్పిందా?"

"చెప్పలేదు. నాకే తెలిసింది."

ఆ తర్వాత జరిగినవన్నీ ముక్కలు ముక్కలుగా గుర్తు. అమ్మమ్మ గదిలోకి వెళ్ళడం, అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి వంగడం. తాతయ్య గొడుగు కూడా లేకుండా ఫోనున్న ఇంటికి పరిగెత్తడం. మామయ్య కారుతో రావడం, అమ్మని దుప్పట్లో పెట్టి మోసుకెళ్ళడం. మెట్ల దగ్గర జనం పోగయ్యారు. ఎన్ని చెప్పులో. వాన నీళ్ళకి కొన్ని తేలిపోతున్నాయి. అమ్మ కారులోకి వెళ్తూ నా వైపు చూసింది. అమ్మమ్మ కూడా ఎక్కింది. కారు నీళ్ళని చీల్చుకుంటూ వంతెన దాటింది.

ఇంట్లో తాతయ్యా నేనూ మిగిలాం.

గదిలోకి వెళ్తే టీవీ ఇంకా వెలుగుతోంది. విమానం అలాగే నిలిచి ఉంది. తాతయ్య గుమ్మంలోంచి, దాన్ని ఆపెయ్యమ్మా అన్నారు. వద్దు తాతయ్యా అన్నాను. ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. టీవీ గేము అడాప్టరు చాలాసేపు ఉంటే వేడెక్కిపోయేది, కాలిన ప్లాస్టిక్ వాసన వేసేది. ఆ వాసన మొదలైంది. ఇదేంటి, మాడిపోతుందా అని అడిగారు. వేడెక్కితే మామయ్య విసురుతాడు అన్నాను. ఆయన లేచి అమ్మమ్మ తాటాకు విసనకర్ర తెచ్చి, ఆ చిన్న నల్ల ముక్కకి నెమ్మదిగా విసరడం మొదలుపెట్టారు.

అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. అమ్మమ్మ దింపకుండా వదిలేసిన అన్నం మాడిన వాసన వస్తోంది. ఇద్దరం లేవలేదు. తాతయ్య చెయ్యి మార్చుకుని విసురుతున్నారు. ఆ విమానం ఏంటో, ఎక్కడికి పోతుందో ఆయన అంతకుముందు ఒక్కసారీ అడిగింది లేదు. అప్పుడు అడిగారు.

"కరెంటు పోతే అదేమవుద్దమ్మా?"

"మళ్ళీ మొదట్నుంచీ ఆడాలి తాతయ్యా."

తల ఊపారు. ఇంకాస్త గట్టిగా విసిరారు, కరెంటు తన చేతిలోనే ఉన్నట్టు.

కరెంటు పోయింది. వాన రోజుల్లో పోకుండా ఎలా ఉంటుంది. తెర మధ్యలో చిన్న చుక్క కాసేపు మెరిసి అదీ ఆరిపోయింది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఏదో అయిపోయినట్టు ఒప్పుకున్నట్టని భయం. తాతయ్య ఆ మసక వెలుతుర్లో ఇంకా విసురుతూనే ఉన్నారు. చాలాసేపటికి విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని అన్నారు:

"మొదట్నుంచీ ఆడుకోవచ్చు అన్నావు కదా. ఆడుకుందాంలే. నాక్కూడా నేర్పుదువు గాని."

దీపాలు పెట్టే వేళకి మామయ్య వచ్చాడు. ఎవరిదో స్కూటరు మీద, తల నుంచి కాలి దాకా తడిసి. తాతయ్య లేచి నిలబడ్డారు.

"ఆడపిల్ల నాన్నా," అన్నాడు మామయ్య. "బాగా చిన్నది. ఊపిరుంది. అక్కకి మత్తు వదల్లేదు గాని, భయం లేదన్నారు."

ఆపరేషను చేసి తీశారట. పేగు మెడకి చుట్టుకుందట. పాపని కాకినాడ తీసుకెళ్ళి గాజు పెట్టెలో పెట్టారు. అంతటితో అయిపోలేదు. అమ్మ ముందు ఇంటికి వచ్చింది, పాప రాలేదు. మామయ్య రోజూ బస్సెక్కి పాల సీసా పట్టుకెళ్ళి, సాయంత్రం వచ్చి, ఇవాళ కూడా ఉంది అని చెప్పేవాడు. అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. ఈలోగా అమ్మమ్మకి ఇంకో బెంగ పట్టుకుంది. పేగు మెళ్ళో వేసుకుని పుడితే మేనమామకి మంచిది కాదంటారు. పాప ఇంటికొచ్చిన రోజున గిన్నెలో నూనె పోసి, అందులో పాప నీడ చూశాకే మొహం చూడాలని మామయ్యని కూర్చోబెట్టింది. రోజూ గాజులోంచి చూస్తూనే ఉన్నానమ్మా, ఇప్పుడు నూనెలో చూసేదేంటి అని నవ్వుతూనే, బుద్ధిగా వంగి చూశాడు. ఎందుకోగాని కళ్ళు తుడుచుకున్నాడు.

టీవీ హాల్లోకి వెళ్ళింది, తిన్నగా నిలబడింది. తాతయ్యకి ఆట నేర్పడానికి ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. మొదటి ఈగ దగ్గరే తగిలించేసి, ఇది మన వల్ల కాదమ్మా అనేవారు. అమ్మ ఇంకెప్పుడూ రిమోటు ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి మామయ్య దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

డాక్టరమ్మగారు ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదన్నారని అమ్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నా గురించి కూడా గొప్పగా చెప్పేది. అమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేది. నామీద కోపమేమో అనుకునేదాన్ని. ఎందుకు కోపమో తెలిసేది కాదు.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు మొదటి కాన్పు దగ్గరపడిన రోజుల్లో, రాజమండ్రిలో స్కానింగు కోసం వరండాలో బల్ల మీద కూర్చున్నాం, అమ్మా నేనూ. అమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, ఉన్నట్టుండి అంది.

"ఏ తేడా అనిపించినా అప్పటికప్పుడు చెప్పెయ్యవే. నాలా చెయ్యకు."

నేను ఆమె వైపు చూశాను.

"ఆ వేళ తెల్లారినప్పట్నుంచీ నాకు తెలుసు. రెండుసార్లు అయిందాన్ని, నాకు తెలీదా? చెబితే నిజమైపోతుందనిపించింది. అందుకే ఆ ఆట పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు దాహానికి లేవలేదని కూడా తెలుసు. నిన్ను ఆపలేదు. నేను చేసింది అదొక్కటే."

లోపల్నుంచి నా పేరు పిలిచారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది. మళ్ళీ ఆ సంగతి మా మధ్య రాలేదు.

మా చెల్లెలికి అమ్మ అన్న ఈ మాట తెలియదు. గట్టిగా మాట్లాడే మనిషి, ఎప్పుడూ ఏదో తొందరలో ఉంటుంది, నా భయాలకి నవ్వుతుంది. దానికి నేనూ చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. అమ్మ తెల్లారినప్పట్నుంచీ అంది కదా, ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. ఆ పూట వాన కాస్త తగ్గి ఉంటే నేను బళ్ళో ఎక్కాలు వల్లెవేస్తూ ఉండేదాన్ని. ఇప్పటికీ ఏ ఊళ్ళో ఉన్నా, వానకి బడి వదిలేసి పిల్లలు పుస్తకాల సంచీలు నెత్తిన పెట్టుకుని వీధిలోకి వస్తుంటే, గుమ్మంలోకి వచ్చి, వాళ్ళందరూ ఇళ్ళకి చేరేదాకా నిలబడి చూస్తాను.